జీవమ్మ ఎత్తని రాయి

గట్టుకిందపల్లె, జమ్మలమడుగు తాలూకా.
5 మే 1924, సోమవారం.

నా తోడబుట్టిన రాహేలమ్మకు,

సమాధానకర్త అయిన ప్రభువు నీ గడపలో నిలిచి ఉండును గాక. ఇక్కడ నేను, నీ వదిన విశ్వాసమ్మ, నా దగ్గర పెరుగుతున్న నీ బిడ్డ జీవమ్మ ప్రభువు కృపలో ఉన్నాము. కర్నూలులో నీ ఆసుపత్రి పని, నీ మోకాళ్ళ నొప్పి ఎట్లున్నవి?

ప్రార్థన గుడికి సగం కప్పు వేయడమైంది. సంఘపెద్ద పెద్దన్న తన గనిలోని నాపరాళ్ళు ఎనిమిది బండ్లు తోలించాడు. మిగతా సగం ఆషాఢం లోపల వేయిస్తానన్నాడు. ఇన్నేళ్ళుగా ఎండలో కూర్చొని ప్రార్థించిన జనం నిన్న నీడలో కూర్చున్నారు. ముసలి గిడ్డమ్మ ఆ చల్లదనానికి వాక్యం మధ్యలోనే నిద్రపోయింది.

నిన్న ఇక్కడ ఒక గొప్ప కార్యం జరిగింది. పోయిన నెల 22న పెద్దన్న బావి దగ్గర చిన్న గలాటా అయింది. ఊరి బావులన్నీ ఎండిపోయి, ఆ ఒక్క దానిలోనే నీళ్ళున్నవి. నీళ్ళు తన చేనికే చాలవని పెద్దన్న అన్నాడు. మన జీవమ్మ చేంతాడు వదలలేదు. ఆ పెనుగులాటలో దాని చేతికి కొంచెం గాయమైంది. పోలీసుల దాకా పోవాలని కొందరు ఎగదోశారు. నేను అడ్డం పడ్డాను. విశ్వాసులు తమ తగాదాలను అవిశ్వాసుల ఎదుటికి తీసుకుపోవడం ఎంత సిగ్గుచేటో పౌలు కొరింథువారిని కడిగినట్లే వీరినీ కడిగాను. బడి ముఖం చూడనివాణ్ణి, మేకల వెంట తిరుగుతూ అక్షరాలు దిద్దుకున్నవాణ్ణి. ఆ మాటలు నాకు కంఠతా వచ్చు.

మన సంఘపు కట్టడి నీకు తెలిసిందే. రొట్టె, రసం ఉంచే ప్రభువు బల్ల ఎదుట రెండు చాపలు ఎదురెదురుగా వేస్తాము. ఇద్దరూ మోకరించి, ఇద్దరూ తమ తప్పు ఒప్పుకోవాలి. ఒక్కరే ఒప్పుకుంటే అది రాజీ కాదు. నిన్న ఇద్దరూ మోకరించారు. నేనే కాగితం వ్రాశాను. దాని నకలు ఇది:

“పెద్దన్న అను నేను కోపముచేత జీవమ్మ చేతిని గాయపరచితిని. జీవమ్మ అను నేను మొదట పెద్దన్న మీదికి రాయి ఎత్తితిని. ఇద్దరము ప్రభువు బల్ల ఎదుట ఒకరినొకరు క్షమించుకొంటిమి. ఈ సంగతి మీద ఏ కచేరీకిగాని పోలీసు ఠాణాకుగాని పోము. పెద్దన్న సంతకము. జీవమ్మ ఎడమచేతి వేలిముద్ర.”

దీనిని నీ బైబిలులో దాచుకో.

నీ అన్న,
జ్ఞానరాజు

*

కర్నూలు, ఆసుపత్రి ఆయాల గదులు.
12 మే 1924.

అన్నా,

నీ జాబు చేరింది. మోకాళ్ళు అట్లే ఉన్నాయి. తుంగభద్ర ఇసుక తేలింది. ఆసుపత్రి తొట్టికి నీళ్ళు మోయించే పని కూడా నా మీదే పడింది. నీ జాబును మా గదిలో ఇద్దరికి చదివి వినిపించాను. “మీ అన్న జాబు రాసినా ప్రసంగం మాదిరే ఉంటాదే” అన్నారు. నేనూ నవ్వాను.

రాజీ అయినందుకు సంతోషం. నా బిడ్డ రాయి ఎత్తిందని చదివి మాత్రం తల తిరిగింది. కోడిని అదిలించడానికి కూడా అది కొంగు విదిలిస్తుంది గానీ రాయి తీయదు. అయినా నీ చేతివ్రాతలో ఉన్న తరువాత నేనేమి అనగలను? పెద్దన్నకు నా తరఫున క్షమించమని చెప్పు. పెద్దవాడి మీదికి ఆడపిల్ల రాయి ఎత్తడం తప్పే. ఎర్ర అంచు తువ్వాలొకటి పంపుతున్నాను, ఆయనకియ్యి.

ఒక సంగతి అర్థం కాలేదు. అది ఐదో తరగతి చదివింది. దాని అక్షరాలు నీ అక్షరాలకంటే గుండ్రంగా ఉంటాయి. సంతకం పెట్టక వేలిముద్ర ఎందుకు వేసింది? వేలిముద్ర ఉంటేనే కాగితం గట్టిదని నీవు వేయించినావా? నెలదినాల నుంచి నాకు జాబు కూడా వ్రాయలేదు. రాయి సంగతి నాకు తెలుస్తుందని సిగ్గుపడుతూ ఉందేమో. కోప్పడనని చెప్పు.

నీ చెల్లెలు,
రాహేలు

*

గట్టుకిందపల్లె,
19 మే 1924.

ప్రియమైన చెల్లెలికి,

నీ ఆత్మ నెమ్మది పొందును గాక. తువ్వాలు పెద్దన్నకు అందించాను. భుజాన వేసుకొని చూసుకొని, “మీ చెల్లెలు శానా మర్యాదస్తురాలప్పా” అన్నాడు. నీ క్షమాపణను ఆదివారం సంఘంలో చదివి వినిపించాను.

జీవమ్మ కుడి చేతికి కట్టు ఉన్నందున ఎడమ బొటనవేలు వేసింది. అంతకన్నా ఏమీ లేదు. నీ వదిన పసుపు, ఆముదం వేసి కడుతూనే ఉంది.

రాయి సంగతి అడిగావు. దాచవలసింది ఏముంది? కాగితం వ్రాసే ముందు జీవమ్మను పక్కకు పిలిచాను. “నీ తప్పు ఏదో చెప్పమ్మా” అన్నాను. “నా తప్పేముంది మామా?” అంది. తప్పు లేనివాడు ఒక్కడూ లేడని లేఖనం చెబుతూ ఉంటే, ఈ పిల్ల తనకు తప్పే లేదంటుంది. “వాడు నిన్ను కొట్టేటప్పుడు నీకు కోపం రాలేదా?” అని అడిగాను. “వచ్చింది మామా. రాయి తీసుకొని నెత్తి పగలగొట్టాలనిపించింది” అంది.

అదే చాలు. సహోదరుని ద్వేషించినవాడు నరహంతకుడని యోహాను తీర్పు చెప్పలేదా? కంటి చూపుతోనే పాపం జరిగిపోతుందని ప్రభువే కొండమీద చెప్పలేదా? మనసులో ఎత్తిన రాయి చేత్తో ఎత్తిన రాయి కంటే దేవుని లెక్కలో తేలికా? అందుకే ఎత్తితినని వ్రాశాను. చదివి వినిపించినప్పుడు, ఆ మాట దగ్గర “మామా” అంది. బల్ల ఎదురు చూస్తూ ఉందమ్మా, ఊరుకో అన్నాను. ఊరుకుంది.

నీ వదిన పదిరోజులు పుట్టింటికి, ముద్దనూరుకు పోతానంటుంది. జీవమ్మను కూడా తోడు తీసుకుపోతుందట. ఆ పిల్లకు స్థలం మారితే మంచిదే.

జ్ఞానరాజు

*

కర్నూలు,
30 మే 1924.

జ్ఞానరాజన్నా,

వదిన ముద్దనూరులో ఆగలేదు. అక్కడ రైలెక్కి, గుత్తిలో మారి, డోనులో మారి, నా బిడ్డను నా దగ్గరికి తెచ్చింది. నేను అప్పుడు గేటు దగ్గర బేసిన్లు కడుగుతూ ఉన్నాను. వాసన ముందు వచ్చింది. ఇరవై ఏళ్ళుగా ఈ ఆసుపత్రిలో ఉన్నాను, ఆ వాసన ఏమిటో నాకు తెలుసు. తల ఎత్తి చూస్తే నా బిడ్డ.

కట్టు నేనే విప్పాను. ఇంకెవరినీ ముట్టనియ్యలేదు. కుడి చేతి చూపుడు వేలు లేదు. మధ్య వేలు లేదు. రెండూ మొదలంటా పోయి, అరచేయి సగం దాకా నల్లబడింది.

కొంచెం గాయమైంది అని వ్రాశావు. నేను ఆ మాట మళ్ళీ తీసి చదివాను. మూడుసార్లు చదివాను. అదే ఉంది. కొంచెం గాయం.

నేను వానికి తువ్వాలు పంపాను. నా బిడ్డ వేళ్ళు తీసినవానికి క్షమాపణ చెప్పుకున్నాను. నీవు దానిని గుడిలో చదివినావు.

దొరసాని డాక్టరు అడిగితే జీవమ్మ చెప్పింది: “నేను చేంతాడు పట్టుకోనుండా. ఆయప్ప కొడవలి తీసుకొని వచ్చినాడు. తాడు తెగ్గోస్తాడనుకొంటి. నా చేతికల్లా చూసి, చూసే కొట్టినాడు.” డాక్టరు కాగితం వ్రాసింది. పోలీసు వచ్చి వాంగ్మూలం వ్రాసుకొని జమ్మలమడుగుకు పంపాడు. ఫిర్యాదు నేనే ఇప్పించాను. ఎవరూ నన్ను ఎగదోయలేదు.

చేయి మణికట్టు దాకా తీయవలసి రావచ్చునన్నారు. వదిన ఇక్కడే ఉంటుంది.

గుడి కప్పు ఎంతవరకు వచ్చింది?

రాహేలు

*

గట్టుకిందపల్లె,
7 జూన్ 1924.

రాహేలూ,

నీ జాబు గడప మీద కూర్చొని చదివాను. నేను కట్టుకున్నదే నన్ను మోసగించి పోయింది. నా తోడబుట్టినదే ప్రభువు బల్లను పోలీసు బూటుకాలి కింద పెట్టింది. వేళ్ళ సంగతి పూర్తిగా వ్రాయకపోవడం నా బలహీనత. నీవు తల్లడిల్లుతావని వ్రాయలేదు. అది ఒప్పుకుంటాను. కాని క్షమించితిమని పలికి రొట్టె తిన్న నోటితో ఫిర్యాదు చెప్పవచ్చునా? అననీయ, సప్పీరా ఏమైపోయారు? దేవునికి ఇచ్చినది వెనక్కి తీసుకున్నవారి కాళ్ళు గుమ్మం దాటలేదు.

పెద్దన్నను ఠాణాకు పిలిపించారు. తిరిగి వచ్చి నా ముందర ఏడ్చాడు. “నువ్వు రాసిచ్చిన రాజీని నమ్మితినప్పా. ఇప్పుడు ఆ కాగితం నాకిస్తావా లేదా?” అన్నాడు. న్యాయమే కదా. అసలు కాగితం నేనే తీసుకొని, జమ్మలమడుగులో అతని వకీలు దగ్గరికి పోయి, నా చేత్తో ఇచ్చాను. వకీలు రెండుసార్లు చదివి, లేచి నాకు కుర్చీ వేశాడు. “అయ్యవారూ, మీరు తెచ్చింది కాగితం కాదు, కవచం” అన్నాడు. నన్ను ఎవరూ అట్లా కుర్చీ వేసి కూర్చోబెట్టలేదు.

24వ తేదీ విచారణ. కాగితం చూడగానే కేసు కొట్టివేస్తారు. సంఘం మాట సర్కారు ఎదుట నిలుస్తుంది. అప్పుడు నీవే సిగ్గుపడతావు.

కప్పు సంగతి ఎందుకు అడిగావో నాకు తెలియదు.

జ్ఞానరాజు

*

జమ్మలమడుగు,
24 జూన్ 1924.

రాహేలమ్మా,

కచేరీ అరుగు మీద కూర్చొని వ్రాస్తున్నాను. సిరా వెంకటరమణయ్య శెట్టి అంగడిలో అడిగి తెచ్చాను. నీకు ఆసుపత్రిలో సెలవు దొరకలేదని విశ్వాసమ్మ మేజిస్ట్రేటుకు చెబుతుంటే విన్నాను. నాతో ఆమె మాట్లాడలేదు. జీవమ్మ చేయి మణికట్టు దాకా పోలేదని నా కళ్ళతో చూశాను. దేవునికి స్తోత్రమని నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

జరిగింది జరిగినట్లు వ్రాస్తాను. నా బుద్ధి ఇంకా చోటికి రాలేదు.

వకీలు లేచి, ఇరువైపులా రాజీ పడ్డారు, ఇక నేరం లేదు అని నా కాగితం ఇచ్చాడు. మేజిస్ట్రేటు చదివి పక్కన పెట్టాడు. “దెబ్బలాటలో చెంపదెబ్బ అయితే మీలో మీరు రాజీ పడవచ్చు. కొడవలితో అంగం తీస్తే ఆ పిల్ల క్షమించినా సర్కారు క్షమించదు. ఈ కాగితంతో కేసు మూతపడదు” అన్నాడు. బల్ల ఎదుట పడిన రాజీకి అక్కడ విలువే లేదు.

వకీలు మాత్రం చిరునవ్వుతో, “చిత్తం. రాజీగా వద్దు. ఒప్పుకోలుగా తీసుకోండి” అన్నాడు. రెండో వాక్యం గట్టిగా చదివాడు. జీవమ్మ అను నేను మొదట రాయి ఎత్తితిని. ప్రాణం కాపాడుకోవడానికి తన కక్షిదారు కొడవలి విసిరాడన్నాడు. ఆమె తల్లి సైతం క్షమాపణ పంపిందన్నాడు. చెల్లీ, నీ జాబు. గుడిలో చదివాక పెద్దన్న చూసిస్తానని అడిగితే ఇచ్చాను. నీ ఎర్ర అంచు తువ్వాలు కూడా బల్ల మీద పెట్టారు. ఆ తరువాత జీవమ్మ మీదనే ఎదురు ఫిర్యాదు వేశాడు. అది రుజువైతే పెద్దన్న ఇంటికి, నీ బిడ్డ జైలుకు.

అది నా వ్రాత. నేను మనసులోని రాయి వ్రాశాను. వాళ్ళు చేతిలోని రాయి చదివారు. నేను వ్రాసిన తెలుగులో తేడా ఎక్కడా లేదు. ఎవరు చదివినా చేతిలోని రాయే.

బయటికి వస్తుంటే పెద్దన్న నా భుజం తట్టి, “నీ రుణం ఉంచుకోనప్పా. వచ్చే వారం మిగతా రాళ్ళు తోలిస్తా” అన్నాడు. భుజం వెనక్కి లాక్కొని ఈ అరుగు మీదికి వచ్చి కూర్చున్నాను.

జూలై 21న నన్ను సాక్షిగా పిలిచారు. ఏమి చెప్పమంటావు?

అన్న

*

కర్నూలు,
1 జూలై 1924.

అన్నా,

ఏమి చెప్పమంటావని నన్ను అడుగుతున్నావు. నేనేమి లేఖనాలు తెలిసినదాన్నా?

నీవు నిజం చెబితే, గుడిలో అబద్ధం వ్రాసినవాడివని జిల్లా అంతా అంటారు. చెప్పకపోతే నా బిడ్డ జైలుకు పోతుంది. ఈ రెండిట్లో ఏది పెద్దదో తూచడానికి నీకు ఇరవై దినాలు ఉన్నాయి. నాకైతే క్షణం కూడా పట్టలేదు.

నిన్న దానిని అడిగాను, నీవు ఏమి చెబితే బాగుంటుందని. “మామ ఇష్టం” అని గోడవైపు తిరిగింది. ఎడమ చేత్తో అన్నం తినడం ఇంకా చేతగాలేదు. మెతుకులు రాలిపోతాయి, ఒక్కొక్కటే ఏరుకుంటుంది. తినిపిస్తానంటే వద్దంటుంది.

రాహేలు

*

గట్టుకిందపల్లె,
4 ఆగస్టు 1924.

రాహేలమ్మా,

నీ మీద సమాధానం ఉండాలని కోరే అర్హత నాకు ఉందో లేదో తెలియక, ఊరికే మొదలుపెడుతున్నాను. విశ్వాసమ్మ నీకు కొంత చెప్పి ఉంటుంది. నా నోటితో నేను చెప్పాలి.

జూలై 21న బోనులో బైబిలు మీద చేయి పెట్టించారు. రోజూ తెరిచే పుస్తకమే. ఆ రోజు పొయ్యి మీది పెనం మాదిరి ఉంది. వకీలు అడిగాడు.

“ఈ కాగితం మీ వ్రాతేనా?”

“నాదే.”

“ఈ పిల్ల రాయి ఎత్తానని మీతో చెప్పిందా?”

“ఎత్తాలనిపించిందని చెప్పింది. ఎత్తినానని నేను వ్రాశాను.”

“అంటే అబద్ధం వ్రాశారు.”

“వ్రాశాను.”

కచేరీ అంతా గుసగుసలు. వకీలు కాగితాన్ని పైకెత్తి చూపించాడు. “రొట్టె, రసం ముందర పెట్టుకొని అబద్ధం వ్రాసిన మనిషి ఈ బోనులో నిజం చెబుతాడని కోర్టువారు ఎట్లా నమ్మాలి?”

నాతాను ప్రవక్త వచ్చి, ఆ పాపివి నీవేనని దావీదు ముఖం మీద వేలు చూపించినప్పుడు ఆ రాజుకు ఎట్లా ఉండెనో నాకు ఆ నిమిషంలో తెలిసింది. ముప్పై ఏళ్ళుగా నేనే నాతానునని అనుకుంటూ వచ్చాను.

“నన్ను నమ్మవద్దు సామీ,” అన్నాను. “ఆ పిల్లను అడగండి. నేను అడగలేదు. మీరైనా అడగండి.”

మేజిస్ట్రేటు జీవమ్మను పిలిచాడు. “రాయి ఎత్తినావా?” అని అడిగాడు. ఒక్క ప్రశ్న. నీ బిడ్డ కట్టు ఉన్న చేతిని, మంచి చేతిని రెండింటినీ ముందుకు చాపి, తాడు పట్టుకున్నట్లు ఒకదాని మీద ఒకటి పెట్టి చూపించింది.

“రెండు చేతులా చేంతాడు పట్టుకోనుంటి సామీ. కడవ నీళ్ళతో సగానికొచ్చుండె. రాయి యాడ పట్టుకునేది?”

వకీలు ఏదో అడగబోయి కూర్చున్నాడు. చేతులు రెండూ తాడు మీద ఉండబట్టే వేళ్ళు రెండూ ఒకే దెబ్బకు పోయినవి. అంత తేలిక సంగతి. బావి పక్కన పుట్టి పెరిగిన నాకు తట్టలేదు.

మేజిస్ట్రేటు ఎదురు ఫిర్యాదు కొట్టివేశాడు. పెద్దన్న కేసును కడప సెషన్సు కోర్టుకు పంపాడు.

బయట జీవమ్మ దగ్గరికి పోయి, “ఈ మాట ఆ దినమే నాతో ఎందుకు చెప్పలేదమ్మా?” అన్నాను. అది నా ముఖం చూసి, “కోపమొచ్చిందా అని అడిగితివి గానీ, రాయి ఎత్తినావా అని నువ్వు అడగలేదు కదా మామా” అంది. కసిగా అనలేదు. ఉన్నమాట చెప్పింది. విశ్వాసమ్మ సద్ది మూట నా పక్కన పెట్టి, పిల్లను తీసుకొని స్టేషను బండి ఎక్కింది.

నీవు కప్పు సంగతి అడిగావు. ఇప్పుడు జవాబు చెబుతాను. ఆ ఆదివారం పెద్దన్న చాప మీద మోకరించినప్పుడు నాకు ఇంకా రావలసిన మిగతా సగం నాపరాళ్ళు కనబడినవి. ఎదుటి చాప మీద జ్వరంతో ఊగుతున్న నీ బిడ్డ కనబడలేదు. రాజీ కుదరాలంటే ఇద్దరి తప్పూ కావాలి. లేని తప్పును నేను తయారు చేశాను. కట్టడి పేరుతో చేశాను, లేఖనం పేరుతో చేశాను. కప్పు కోసమే చేశాను.

పెద్దన్న మనుషులు వచ్చి వేసిన రాళ్ళను కూడా ఊడదీసుకుపోయారు. సంఘం నన్ను ప్రసంగం మానమంది. మానుతాను, ఒక్కసారి ఒప్పుకోలు చేయనియ్యండి అన్నాను. నిన్న రెండు చాపలు నేనే వేశాను. ఒక దాని మీద మోకరించాను. ఎండ నేరుగా బల్ల మీద పడుతూ ఉంది. గిడ్డమ్మ చేయి అడ్డం పెట్టుకొని చూసి, “ఆ తట్టు చాప మీద ఎవరప్పా?” అంది. “ఎవరూ లేరవ్వా” అన్నాను. “ఎవరూ లేకుంటే ఎట్లా కుదురుతాది?” అంది. ఆ తట్టు ఒప్పుకోవలసిన తప్పు లేదు అని చెప్పి, ఉన్నదంతా చెప్పాను. లేచేటప్పటికి సగం మంది వెళ్ళిపోయారు.

నన్ను క్షమించమని జీవమ్మను అడగను. అడిగితే క్షమిస్తుందేమో, అది నాకు భయం.

జ్ఞానరాజు

*

కర్నూలు,
12 ఆగస్టు 1924.

అన్నా,

నీ జాబు జీవమ్మ చదివింది. పుండు మానుతూ ఉంది. వదిన వచ్చే వారం ఊరికి బయలుదేరుతుంది. నీవు వంట చేసుకుంటున్నావని తెలిసి, బియ్యంలో రాళ్ళు ఏరుకోమని చెప్పమంది.

ఇక్కడ వానలు మొదలైనాయి. తుంగభద్రలో ఎర్ర నీళ్ళు వచ్చాయి. మీ దిక్కు పడ్డాయా?

జీవమ్మ ఎడమ చేత్తో వ్రాయడం నేర్చుకుంటూ ఉంది. ఆసుపత్రి చీటీల వెనకవైపు వ్రాసి వ్రాసి పారేస్తుంది. అక్షరాలు ముందటంత గుండ్రంగా లేవు, వంకరగా పోతాయి. నిన్న మాత్రం నన్ను పూర్తి తావు కాగితం ఒకటి అడిగింది. దాని అడుగున తన పేరు వ్రాసింది. వ్రాయడానికి చాలాసేపు పట్టింది. “మామకు పంపు” అంది. “వేలిముద్ర తీసుకున్నాడు కదా, ఇది నా సంతకం.”

ఈ కవరులోనే పెట్టాను. సంతకం పైన కాగితమంతా ఖాళీగా ఉంటుంది. అట్లాగే ఉంచమంది. దాని పైన నీవు ఏమీ వ్రాయవద్దు.

రాహేలు